పేరు తీయని దోస్తు

మా ఇంటామెతో ఎక్కడికైనా బయలుదేరడమంటే నాకు పెద్ద పరీక్ష. వికారాబాద్ స్టేషన్‌లో రైలు వచ్చేలోపే ఆమెకు ఎవరో ఒకరు తగులుతారు. ఐదో తరగతిలో పక్కన కూర్చున్నామె, ఎప్పుడో వాళ్ల ఇంటి వెనక అద్దెకున్న కాంపౌండర్ కోడలు, ఒకసారి పరిగి బస్సులో సీటిచ్చిన మనిషి. నేను సంచులు పట్టుకుని నిలబడి ఉంటాను. ఆమె వాళ్ల చెయ్యి పట్టుకుని పిల్లల సంగతి, మోకాళ్ల నొప్పుల సంగతి, పొలం సంగతి అన్నీ కనుక్కునేదాకా వదలదు. రైలు కూత పెడుతోందే అంటే, ఎందుకంత పరేషాన్ అయితవు, మనల్ని ఇడిచి పోతదా అంటుంది. ఒకసారి పోయింది కూడా.

ఆమె పేరు ఈశ్వరమ్మ. నా పేరు రాజేందర్. మర్పల్లి దగ్గర మాకు పొలం ఉంది, వికారాబాద్‌లో ఇల్లు ఉంది, ఇంటి ముందు గదిలోనే విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణం. బోర్డు మీద పేరు నాదే గానీ, వచ్చిన రైతు ముందుగా అమ్మ లేదా అని అడుగుతాడు. ఏ కంది విత్తనం ఎవరి చెలకలో ఎట్లా వచ్చిందో ఆమెకు గుర్తుంటుంది. ఆ రైతు కూతురు ఏ ఊరికి కోడలుగా పోయిందో కూడా గుర్తుంటుంది. నాకు మాత్రం నిన్న వచ్చిన మనిషి ఇవాళ మళ్లీ వస్తే కొత్తగానే కనబడతాడు. అందుకే మా కాపురం ఏ గొడవా లేకుండా సాగింది. మనుషులను ఆమె చూసుకుంటుంది, మూటలు నేను చూసుకుంటాను.

ఇంతమంది తగిలిన మనిషికి, తగలాలని ఆమె కోరుకున్న ఒక్క మనిషి మాత్రం ఎన్నేళ్లయినా తగల్లేదు. ఆ సంగతే చెప్పాలి.

ఈశ్వరమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్లమ్మకు క్షయ వచ్చింది. ఆ రోజుల్లో మా దిక్కు ఆ రోగమంటే అనంతగిరి గుట్ట మీది టీబీ దవాఖానే. వాళ్ల ఊరు దోమ నుంచి తల్లిని తెచ్చి చేర్పించినప్పుడు, ఇంట్లో చూసుకునేవాళ్లు లేక పిల్లనూ అమ్మమ్మతో పాటు గుట్ట మీదే ఉంచారు. వాళ్లమ్మ పక్క మంచం మీద ఇంకో తల్లి. ఆమెకూ ఈశ్వరమ్మ ఈడు కూతురే. వాళ్లు బషీరాబాద్ అవతల, కర్ణాటక పొలిమేర నుంచి వచ్చినవాళ్లు. ఆ పిల్ల సగం తెలుగు, సగం కన్నడం కలిపి మాట్లాడేది. పిల్లలను వార్డులోకి రానిచ్చేవారు కాదు కాబట్టి ఇద్దరూ పొద్దంతా బయట సీతాఫలం చెట్ల మధ్య తిరిగేవారు. ఒకనాడు ఆ పిల్ల మెట్ల మీద జారిపడి ఎడమ కనుబొమ్మ చీరుకుంటే, ఈమె తన లంగా అంచు చింపి కట్టు కట్టింది. లంగా చింపినందుకు అమ్మమ్మ చేతిలో దెబ్బలు కూడా తిన్నదట.

మా దిక్కు దోస్తు కట్టుడు అని ఒకటుంది. అది ఊరికే స్నేహం చేయడం కాదు. పెద్దల ముందు దీపం పెట్టి, ఒకరికొకరు బట్టలు పెట్టుకుని, ఒకరి నోట్లో ఒకరు తీపి పెట్టుకుని కట్టుకునే వరుస. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లతో సమానం. ఒకరి పేరు ఒకరు తీయకూడదు. ఎదుట ఉన్నా, చాటున ఉన్నా దోస్తు అనే అనాలి. పేరు తీస్తే దోస్తానా తెగిపోతుంది. ఈ పిల్లలిద్దరికీ అమ్మమ్మే గుట్ట మీద దీపం వెలిగించి దోస్తు కట్టించింది. బట్టలెక్కడివి, జడ రిబ్బన్లు మార్చుకున్నారు. తీపికి సీతాఫలం ఉండనే ఉంది.

తర్వాత కొన్నాళ్లకే ఆ పిల్ల తల్లి చనిపోయింది. మేనమామ వచ్చి తల్లి శవాన్నీ పిల్లనూ ఒకే బండిలో తీసుకుపోయాడు. ఆ పిల్ల బండిలోంచి దోస్తూ దోస్తూ అని పిలిచిందట. ఈమె గుట్ట మలుపు దాకా బండి వెనక పరుగెత్తిందట. ఈశ్వరమ్మ తల్లి మాత్రం రోగం నయమై ఇంటికి వచ్చింది, తర్వాత చాలా ఏళ్లు బతికింది. మా పెళ్లయిన కొత్తలో ఇదంతా నాకు చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ గుండె చెరువైంది. ఏడవకు, ఎక్కడున్నా వెతికి పట్టుకొస్తానని ఉత్సాహంగా మాటిచ్చేసి, పేరేమిటని అడిగాను.

"పేరు తీయొద్దు" అంది.

"వెతికేటందుకే గదనే."

"ఎందుకైనా తీయొద్దు. తెగిపోతది."

మీరే చెప్పండి, ఇట్లాంటి మనిషితో ఏం చేయాలి? బషీరాబాద్ మండలం ఏమన్నా దేశమంత ఉంటుందా? పేరొక్కటి చెబితే వారం తిరక్కుండా జాడ తీసేవాణ్ణి. నాకు ఒళ్లు మండింది. కాగితం మీద రాయమన్నాను. రాసుడు గూడ తీసుడే అంది. సరే, ఆడవాళ్ల పేర్లన్నీ నేనే వరుసగా చదువుతాను, ఆ పేరు వచ్చినప్పుడు తల ఊపు చాలు అన్నాను. రెండు చెవులూ మూసుకుని వంటింట్లోకి పోయింది. మా అత్తగారిని అడిగితే, ఎవరు, ఆ కన్నడం పోరియా, పేరేమో యాదికి లేదు బిడ్డా అంది. గుళ్లో కూడా, నా దోస్తును సల్లగ చూడు స్వామీ అనే మొక్కేది. పేరు లేదు, ఊరు లేదు, ఆయనకు మాత్రం ఎట్లా తెలుస్తుందే అంటే, ఆయనకు తెలుసులే నువ్వు ఫికర్ చెయ్యకు అనేది.

అందుచేత మా వెతుకులాటంతా కనుబొమ్మ మీదే నడిచింది. దుకాణానికి బషీరాబాద్ దిక్కు నుంచి ఎవరొచ్చినా, మీ ఊళ్లో ఎడమ కనుబొమ్మ మీద గాటున్న ఆమె ఎవరన్నా ఉన్నరా అని అడిగేది. రైతులు నా వైపు అనుమానంగా చూసేవారు. అనంతగిరి జాతరలో ఒకసారి కనుబొమ్మ మీద గాటున్న ఒకామె కనబడితే, దోస్తూ అంటూ పోయి ఆమెను కావలించుకుంది. ఆమె ధారూరు మనిషి, గాటు ఆవు కొమ్ము తగిలి పడిందట. పొరపాటైందని వదిలేసిందా అంటే అదీ లేదు. ఆ ధారూరామె ఇప్పటికీ బతుకమ్మకు మా ఇంటికి వస్తుంది, పోయేటప్పుడు నా దుకాణం నుంచి కూరగాయల విత్తనాలు పట్టుకుపోతుంది.

మా బిడ్డ దీక్షిత వ్యవసాయ డిగ్రీ చదివి, బషీరాబాద్ మండలంలోనే విస్తరణ అధికారిగా చేరింది. ఉద్యోగం వచ్చినందుకు నేను సంబరపడితే, ఆమె తల్లి సంబరం వేరే. పొలాలు చూడబోయినప్పుడు ఆడవాళ్ల కనుబొమ్మలు కూడా చూడమని చెప్పి పంపింది. పాపం ఆ పిల్ల చూసేది కూడా.

పెళ్లి విషయంలో మాత్రం దీక్షిత మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టింది. ఒకడు ఫోన్ చూస్తూ మాట్లాడాడంది. ఇంకొకడు ఉద్యోగం మానమన్నాడంది. మరొకడికి కందికీ పెసరకూ తేడా తెలియదంది. చివరికి తాండూరు నుంచి జంగప్ప అనే పెళ్లిళ్ల మధ్యవర్తి ఒక సంబంధం తెచ్చాడు. పిల్లవాడు ప్రవీణ్. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ చూసుకుంటాడు, బషీరాబాద్ దగ్గర వాళ్లకు కంది చేన్లున్నాయి. పేరు వినగానే మా పిల్ల నవ్వింది. రైతుల మీటింగులో తన మాటకు అడ్డం తగిలి, తర్వాత తన మాటే నిజమని ఒప్పుకున్న మనిషి అతనేనట. చూపులైన రోజు దీక్షిత ఏమీ వంక పెట్టలేదు. తనే లేచి అందరికీ రెండోసారి చాయ్ పోసింది. నాకు అప్పుడే అర్థమైంది.

చూపులకు పిల్లవాడి తండ్రి ధనరాజ్, మేనత్తలు వచ్చారు. తల్లి రాలేదు. ఆమె పెద్ద కూతురి కాన్పుకని గుల్బర్గాలో ఉంది. తల్లి పేరు వసంతమ్మ అని జంగప్ప చెప్పాడు. ఈశ్వరమ్మ అలవాటు కొద్దీ ఆమె పుట్టిల్లు ఎక్కడని అడిగింది. సేడం దిక్కు అని జంగప్ప అనడంతో, బషీరాబాద్ కాదు గదా అని ఆ మాట అక్కడితో వదిలేసింది. కులం కలిసింది, ఇంటిపేర్లు వేరే, పిల్లలకు ఇష్టం. ఇక మిగిలింది మేము వెళ్లి ఇల్లు చూసి, పూలుపండ్లకు, అంటే నిశ్చితార్థానికి, రోజు అనుకోవడమే.

మాఘమాసంలో ఒక ఆదివారం ఇద్దరం తాండూరు వెళ్లాము. రైల్లో ఆమెకు తగిలినవాళ్ల సంగతి ఇక్కడ చెప్పను, మాట ఎటో పోతుంది. ధనరాజ్ వాళ్లది పాత ఇల్లు. లోపలా బయటా పరిచిన నున్నటి బండలు చెప్పులు విడవగానే కాళ్లకు చల్లగా తగిలాయి. మంచం మీద పిల్లవాడి నానమ్మ మొగులమ్మ కూర్చుని ఉంది. ఇంటికి పెద్ద, మనిషి బక్కగా ఉన్నా మాట గట్టిది. మేము కూర్చోబోతుంటే లోపల నుంచి ఒకామె నీళ్ల చెంబుతో వచ్చి, "బర్రి, కూడ్రి" అంది. అంటే రండి, కూర్చోండి అని.

ఈశ్వరమ్మ కూర్చోలేదు. ఆమె ముఖం చూస్తూ నిలబడిపోయింది. నేనూ చూశాను. ఎడమ కనుబొమ్మ రెండు ముక్కలుగా ఉంది. ఇన్నేళ్లు ఎంతోమంది కనుబొమ్మలు చూసి విసిగిపోయినవాణ్ణి, ధారూరామె సంగతి గుర్తొచ్చి, తొందరపడకే అని చెంగు లాగబోయాను. అప్పటికే ఆలస్యమైంది.

"దోస్తూ" అంది ఈశ్వరమ్మ, చాలా చిన్నగా.

నీళ్లు తెచ్చినామె చేతిలో చెంబు జారి బండల మీద పడింది. ఆమె కూడా అదే మాట అంది. తర్వాత ఎవరు ఎవరిని పట్టుకున్నారో, ఎవరు ముందు ఏడ్చారో నాకు తెలియదు. నా కళ్లు కూడా సరిగా కనబడలేదు. వెతికి తెస్తానని మాటిచ్చి వెతకలేకపోయిన మనిషి నా ఎదురుగా ఉంది, అది కూడా నా బిడ్డకు కాబోయే అత్తగా. నాకు పట్టలేనంత ఆనందమైంది. తల్లి పోయాక మేనమామ ఆమెను సేడం తీసుకుపోయి పెంచాడట. అందుకే బషీరాబాద్ అంతా జల్లెడ పట్టినా దొరకలేదు.

ధనరాజ్ నవ్వుతూ స్వీట్లు తెప్పించాడు. అక్కడే ఉన్న జంగప్ప అప్పుడే తన గొప్ప చెప్పుకోవడం మొదలుపెట్టాడు. మొగులమ్మ మాత్రం నవ్వలేదు. ఇద్దరినీ దగ్గరకు పిలిచి, దోస్తానా ఊరికే చేసిండ్రా, కట్టుకున్నరా అని అడిగింది. దీపం పెట్టి కట్టుకున్నమని ఇద్దరూ మురిసిపోతూ చెప్పారు.

"అట్లయితే మీరు అక్కచెల్లెండ్లు" అంది మొగులమ్మ. "మీ పిల్లలు అన్నచెల్లెండ్లయితరు. పెండ్లి ఎట్ల చేస్తరు బిడ్డా?"

 స్వీటు చేతిలో పట్టుకుని నేను నోట్లో పెట్టుకోవాలో పక్కన పెట్టాలో తెలియక అట్లాగే ఉండిపోయాను. ధనరాజ్ తల్లికి నచ్చజెప్పబోయాడు. ఎప్పుడో చిన్నపిల్లలు ఆడుకున్న ఆట అన్నాడు. దీపం పెట్టినంక ఆట ఎట్లయితది అని ఆమె అతని నోరు మూయించింది. చెడ్డ మనిషి కాదు. ఆమెకు వరుస అంటే వరుసే. దారి కూడా ఆమే చెప్పింది. దీపం ముందే కూర్చుని ఇద్దరూ ఒకరి పేరు ఒకరు తీయాలి. దోస్తానా తెగిపోతుంది. వరుస పోతుంది. పెళ్లికి అడ్డం ఉండదు.

నేను హమ్మయ్య అనుకున్నాను. ఇంత సులువా, ఇప్పుడే తీసేయండి అనబోయాను. ఈశ్వరమ్మ ముఖం చూసి ఆగాను.

"దొరికి గంట గాలేదు" అంది. "అప్పుడే తెంపుకొమ్మంటే ఎట్ల తెంపుకుంట?"

వసంతమ్మ దోస్తు చెంగు కొస పట్టుకుని తల వంచుకుని కూర్చుంది. రోజు అనుకోకుండానే మేము లేచి వచ్చేశాము. రైల్లో శంకర్‌పల్లి వెళ్లే పాత చుట్టమొకామె ఎదురు సీట్లో కూర్చుని పలకరిస్తే, మా ఇంటామె ఊ అని కిటికీ వైపు తిరిగింది. పెళ్లయినప్పటి నుంచి అట్లాంటి ప్రయాణం నేను చేయలేదు. ఆమె మాటలు లేకపోతే వికారాబాద్ ఇంత దూరమా అనిపించింది.

ఇంటికొచ్చాక నా కోపం ఆగలేదు. సీతాఫలం తిని కట్టుకున్న దోస్తానా బిడ్డ పెళ్లి కంటే ఎక్కువా అని గట్టిగానే అరిచాను. నువ్వు మొదట్లోనే పేరు చెప్పి ఉంటే ఈ తిప్పలు ఉండేవా అని పాతదంతా తవ్వాను. ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది.

"పక్కపక్క మంచాలు" అంది. "నా తల్లి లేచి ఇంటికొచ్చింది. దాని తల్లి రాలే. గా బండి ఎట్ల గుట్ట దిగిందో నేను చూసిన. నేను దానికి ఇచ్చింది ఒక్క మాటనే. గది గూడ ఎనుకకు తీసుకొమ్మంటవా?"

 దీక్షిత తలుపు దగ్గర నిలబడి అంతా వింది. ప్రవీణ్ అప్పటికే ఫోన్ చేసి సంగతి చెప్పాడట. పిల్ల ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"నా కోసం తెంపుకోకు అమ్మా. ప్రవీణ్‌కు నేను చెప్పుకుంట" అంది. "కాని ఇంకో పిల్లగాన్ని మాత్రం నాకు చూపియ్యకుండ్రి."

తర్వాత కొన్ని రోజులు మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. దీక్షిత పొద్దున్నే డ్యూటీకి పోయేది, వచ్చి తిని పడుకునేది. నవ్వు ముఖం పెట్టేది గానీ కంచంలో సగం అన్నం అట్లాగే ఉండేది. ఈశ్వరమ్మ దుకాణంలో కూర్చుంటే రైతులు కూడా, అమ్మకు పానం మంచిగలేదా అని నన్ను అడిగారు. ఇంటిది నోరు విప్పకపోతే దుకాణం ఎంత బోసిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. తల్లీకూతుళ్లలో ఎవరో ఒకరికి గుండె కోత తప్పదని తెలిసి, నాకు ఏ పనీ తోచేది కాదు.

శివరాత్రి ముందు ఒకనాడు పొద్దున మా ఇంటి ముందు కారు ఆగింది. ముందు ధనరాజ్, ప్రవీణ్ దిగారు. వెనక నుంచి మొగులమ్మను చెయ్యి పట్టుకుని వసంతమ్మ దింపింది. ఈశ్వరమ్మ వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తోంది. వసంతమ్మ అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, నేరుగా వంటింట్లోకి పోయి కింద కూర్చుంది. పిండి ముద్ద తీసుకుని తనూ తట్టడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. పక్కన దీక్షిత నిలబడింది. ఇద్దరు ఆడవాళ్లూ తలెత్తకుండా, ఒకరు తట్టింది ఒకరు పెనం మీద వేస్తూ, ఉన్న పిండంతా రొట్టెలు చేశారు.

"దోస్తూ" అంది వసంతమ్మ చేతులు దులుపుకుంటూ. "మొన్న నాకు నోరు లేవలే. ఇప్పుడు చెప్తున్న. నాకు నీ బిడ్డ గావాలె. తెంపుదాం."

"తెంపితే నువ్వు నాకేమైతవు?"

"వియ్యపురాల్నైత. దోస్తును గప్పుడు బండి ఎక్కిచ్చి తీస్కపోయిండ్రు. వియ్యపురాలు యాడికి పోతది? నెలకోపారి నీ ఇంటికొచ్చి కూసుంట."

ఈశ్వరమ్మ చాలాసేపు ఆమె కనుబొమ్మ వైపు చూసింది. వెనక్కి తిరిగి దీక్షితను చూసింది. తర్వాత లేచి చేతులు కడుక్కుని దేవుడి గదిలో దీపం వెలిగించింది.

మొగులమ్మ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. లోపల లోపల అంటే చెల్లదని, ఇంట్లో ఉన్న అందరికీ వినబడేటట్టు పేరు తీయాలని చెప్పింది. మేమంతా గోడలకు ఆనుకుని నిలబడ్డాము.

ముందు వసంతమ్మ "ఈశ్వరమ్మా" అంది. అని, కన్నీళ్లు కారుతుంటే నవ్వింది. జంగప్ప తెచ్చిన సంబంధం కాగితంలో పిల్ల తల్లి పేరు చదివి వినిపించిన రోజే ఆమెకు అనుమానం వచ్చిందట. ఈశ్వరమ్మలు ఊరికి పదిమంది ఉంటారు, అయినా ఎందుకైనా మంచిదని ఆ రోజు నుంచి పిల్ల తల్లి పిల్ల తల్లి అనే అంటూ వచ్చిందట. ఈ మొండితనం మా ఇంట్లోనే ఉందనుకున్నాను ఇన్నాళ్లు.

ఇప్పుడు ఈశ్వరమ్మ వంతు.  నీళ్లు తాగింది. దీపం వత్తి సరిచేసింది. ఎన్నేళ్లుగానో నేను బతిమాలినా, కోప్పడినా, చెవిలో చెప్పమన్నా పెదవి దాటి రాని పేరు. 

"మాణెమ్మా" అంది.

 ప్రవీణ్ అయోమయంగా తండ్రి వైపు చూశాడు. "మాణెమ్మ ఎవరు నాయినా?" అని అడిగాడు. ధనరాజ్ కూడా తల్లి వైపు చూశాడు. మొగులమ్మకు గుర్తు రావడానికి కాసేపు పట్టింది. పెళ్లినాడు కోడలికి కొత్త పేరు పెట్టడం వాళ్ల ఇంటి ఆచారమట. పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో పేరు రాస్తారు. అప్పటికే ఇంట్లో ఇంకో మాణెమ్మ ఉండేదని, ఈమెకు వసంతమ్మ అని రాసింది తనేనని మొగులమ్మ మెల్లగా చెప్పింది.

వసంతమ్మ మాత్రం ఇవేవీ వినడం లేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని దోస్తునే చూస్తోంది.

"గీ పేరు పిలిచెటోళ్లు ఎవ్వరు మిగలలే" అంది. "మా అమ్మ పోయింది, మా మామ పోయిండు. నేను గూడ మర్సిపోయిన. ఇంకోపారి పిలువు."

"మాణెమ్మా" అంది ఈశ్వరమ్మ. మళ్లీ అంది. తర్వాత ఎన్నిసార్లు అందో నేను లెక్క పెట్టలేదు. ఇన్నేళ్లు తెగిపోతుందని భయపడి దాచిన పేరును ఈ లోకంలో ఆమె తప్ప ఇంకెవరూ దాచి ఉంచలేదని ఇద్దరికీ అప్పుడే తెలిసింది. మొగులమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, మొదటిసారికే తెగింది బిడ్డా, ఇగ సాలు అంది. వాళ్లు వినలేదు. దీక్షిత నా భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. ఆకలేస్తోందా అని అడిగితే ఊ అంది. అందరం కూర్చుని ఆ రొట్టెలే తిన్నాము. పిల్ల కంచం ఖాళీ చేసింది.

పెళ్లి వేసవిలో తాండూరులో జరిగింది. ఎండ మండిపోతున్నా వచ్చినవాళ్లందరూ తిని నవ్వుతూ పోయారు. ధారూరామె కూడా వచ్చింది. మా ఇంటామె ఆమెను మాణెమ్మ పక్కన నిలబెట్టి, ఇద్దరి కనుబొమ్మలూ అందరికీ చూపించింది. అప్పగింతల ముందు మొగులమ్మ పళ్లెంలో బియ్యం పరిపించింది. కొత్త కోడలికి పెట్టాల్సిన పేరు ముందే అనుకుని, వసంతమ్మ చెవిలో చెప్పి, ఉంగరం చేతికిచ్చింది. దీక్షిత తల వంచుకుని కూర్చుంది. నేను మెడ చాచి చూశాను. వసంతమ్మ బియ్యంలో మెల్లగా, ఒక్కో అక్షరం దిద్ది దిద్ది రాసింది. చూస్తే దీక్షిత అనే ఉంది.

"గదేంది, పాతదే రాస్తివి?" అంది మొగులమ్మ.

"దాని తల్లి పెట్టిన పేరు అత్తా" అంది వసంతమ్మ. "ఉండనియ్యి."

మొగులమ్మ కోడలి ముఖం చూసి, బియ్యం వైపు చూసి, సరే అన్నట్టు తల ఊపింది. మా ఇంటామె పక్కనే నిలబడి ఉంది. ఏదో పెద్ద మాట అంటుందని ఎదురుచూశాను. మాణెమ్మా, జర జరుగు, పిల్ల కొంగు నీ కాలు కింద ఉన్నది అంది.